మా ఊరి చెరువు చుట్టూ రింగ్ బండ్ వేస్తే పక్షులు, తాబేళ్లు, నీటికుక్కలు నిలుస్తాయా?

ప్రశ్న
పంపినవారు: బడిపంతులు_నర్సంపేట

నమస్కారం. నేను నర్సంపేటకు దగ్గరలోని ఒక గ్రామంలో, ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా ఊరి చెరువుకు ఒకవైపే కట్ట ఉంది. మిగిలిన మూడు వైపులా నేల మెల్లగా వాలుతూ వచ్చి నీటిలో కలుస్తుంది. ఆ అంచుల్లో తుంగ, జమ్ము, అక్కడక్కడ నల్లతుమ్మ చెట్లు ఉన్నాయి. వానకాలం గడిచాక నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, బుడబుంగలు పెద్ద సంఖ్యలో చేరతాయి. బురదలో దాక్కునే మెత్తని పెంకు తాబేళ్లు చేపల వలల్లో తరచుగా పడుతుంటాయి. చెరువులోకి వచ్చే వాగు దగ్గర, రాళ్ల సందుల్లో నీటికుక్కల కుటుంబం ఒకటి ఉందని మత్స్యకారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఈ చలికాలంలో మా విద్యార్థులు కూడా వాటిని తెల్లవారుజామున చూశారు.

ఇప్పుడు మూడు విషయాలు ఒకేసారి ముందుకు వచ్చాయి. చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దుతామని, చుట్టూ రింగ్ బండ్ పోసి దానిపై నడకదారి, దీపాలు ఏర్పాటు చేస్తామని ప్రతిపాదన వచ్చింది. ఊరు పెరగడంతో మురుగు కాలువలు రెండు నేరుగా చెరువులోకే వస్తున్నాయి, గుర్రపుడెక్క మొదలైంది. పై వైపున శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, మొరం పోసి ప్లాట్ల కోసం హద్దురాళ్లు పాతుతున్నారు. త్వరలో గ్రామసభ జరగనుంది. అభివృద్ధిని అడ్డుకుంటున్నామన్న మాట రాకుండా, ఈ జీవుల కోసం మేము ముందుగా దేనిపై నిలబడాలి? చట్టంలో మాకు ఏ ఆధారం ఉంది? ఇలాంటి చెరువుల సంగతి తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.


జవాబు 1
పంపినవారు: హనుమకొండ_పక్షిదర్శి

పంతులు గారూ, మీరు చెప్పిన మూడింటిలో ముందుగా ఆపవలసింది రింగ్ బండ్. మురుగును వచ్చే ఏడాదైనా మళ్లించవచ్చు. ఆక్రమణకు గురైన భూమిని కోర్టుకు వెళ్లి అయినా విడిపించుకోవచ్చు. చెరువు అంచును తవ్వి, ఆ మట్టితోనే చుట్టూ కట్ట పోసేసిన తర్వాత మాత్రం, ఆ వాలును తిరిగి తెచ్చుకున్న ఊరు నా ఎరుకలో ఒక్కటీ లేదు.

మన చెరువుల్లో జీవం ఎక్కువగా ఉండేది నడి నీటిలో కాదు, మోకాలి లోతు కూడా లేని అంచుల్లోనే. నత్తగుల్ల కొంగ కాళ్లకు నేల అందే చోట నడుస్తూ, బురదలో ముక్కుతో వెతికి నత్తలను తీస్తుంది. ఎర్రకాళ్ల కొంగ ముక్కును సగం తెరిచి నీటిలో ముంచి అటూ ఇటూ కదుపుతూ, చేప తగిలిన క్షణంలో మూసేస్తుంది. ఈ రెండూ లోతు నీటిలో ఆకలితో ఉండవలసిందే. పొడవైన తోక ఉండే జకానా వానకాలంలో తేలే ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, వాటిని పొదిగేది మగపక్షి. కలువ, తామర ఆకులు పరచుకోవడానికి కూడా ఎక్కువ లోతులేని నీరే అనుకూలం.

ఇంకొక విషయం బయటివారి దృష్టికి సాధారణంగా రాదు. కార్తీకం నుంచి వైశాఖం వరకు తూముల ద్వారా నీరు పొలాలకు పోతూ ఉంటే, చెరువు అంచు వారం వారం లోపలికి జరుగుతుంది. నిన్న నీరున్న చోట ఇవాళ తడిబురద బయటపడుతుంది. ఉత్తరాది నుంచి చలికాలానికి వచ్చే ఉల్లంకి పిట్టలు ఆ బురదలోని పురుగుల మీదే బతుకుతాయి. వాలు అంచు ఉన్న చెరువులో ఈ విందు నెలల తరబడి సాగుతుంది. చుట్టూ నిటారుగా కట్ట పోసిన చెరువులో మాత్రం నీరు ఎంత తగ్గినా అంచు అక్కడే ఉంటుంది, లోతు మాత్రమే మారుతుంది. అందుకే అలా మార్చిన చెరువుల్లో కొన్ని నీటికాకులు, కొన్ని తెల్లకొంగలు తప్ప మిగిలినవి తగ్గిపోతాయి. రాత్రంతా వెలిగే దీపాల వల్ల తుమ్మచెట్లపై గుంపుగా నిద్రించే పక్షులు చోటు మార్చుకుంటాయి.

ప్రజలకు నడవడానికి చోటు కావాలన్న కోరికను నేను తక్కువ చేయను. ఇప్పటికే ఉన్న కట్టపై నడకదారి వేయమనండి. ఒకవైపు కట్ట మీద నిలబడి మూడు వైపుల పక్షులను చూడగలిగే చెరువు, నాలుగు వైపులా నడుస్తూ ఖాళీ నీటిని చూసే చెరువుకంటే గ్రామానికి ఎక్కువ గౌరవం తెస్తుంది. గ్రామసభలో 'వద్దు' అన్న మాటతో మొదలుపెట్టకుండా, ఈ ప్రతిపాదనతోనే మొదలుపెట్టండి.


జవాబు 2
పంపినవారు: మత్తడి_ఇంజినీరు

నేను నీటిపారుదల రంగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. పై మిత్రుడు పక్షుల పక్షాన చెప్పినదాన్ని నీటి పక్షాన కూడా చెప్పవచ్చు, గ్రామసభలో రైతులకు అదే ఎక్కువ పట్టుతుంది.

కాకతీయుల కాలం నుంచి మనవాళ్లు చెరువుకు ఒకవైపే కట్ట వేయడంలో లెక్క ఉంది. గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో నిర్మించిన పాకాల చెరువును చూడండి. కొండల మధ్య ఒక కట్ట, మిగిలినదంతా అడవి నుంచి నీరు వచ్చే పరీవాహకం. మూడు వైపులా తెరిచి ఉంచితేనే వాన నీరు ఎక్కడ పడితే అక్కడ నుంచి చెరువులోకి దిగుతుంది. చుట్టూ కట్ట పోస్తే ఆ నీరు కట్ట బయటే ఆగి పై పొలాలను ముంచుతుంది, లేదా రెండు మూడు పైపుల గుండా రావలసి వస్తుంది. ఆ పైపులు చెత్తతో పూడుకుపోయిన మొదటి వానకాలంలోనే చెరువు నిండదు, పై పొలాలు మాత్రం మునుగుతాయి. ఒకదాని మిగులు నీరు మరొకదానికి చేరే గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండకపోతే మత్తడి (అలుగు) పారదు, కింది ఊరి చెరువుకు కూడా ఆ నీరు అందదు.

ఇక చట్టం సంగతి. చాలామంది ఇలాంటి అర్జీలను 2017 నాటి తడి నేలల పరిరక్షణ నిబంధనల కింద రాస్తారు, అక్కడే అవి వెనక్కి వస్తాయి. ఆ నిబంధనలు నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, తాగునీటి కోసం లేదా సాగునీటి కోసం మనుషులు ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. తెలంగాణలోని చెరువుల్లో అత్యధికం సాగునీటి కోసం కట్టినవే. ఎనిమిది వందల ఏళ్లుగా పక్షులకు, తాబేళ్లకు నెలవుగా ఉన్న చెరువు ఆ నిబంధనల దృష్టిలో తడి నేల కాకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. అయినా అర్జీ రాసేటప్పుడు ఉన్న చట్టాన్ని చూసుకునే రాయాలి.

మీకు పనికివచ్చే ఆధారాలు వేరే ఉన్నాయి. మొదటిది చెరువు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి సర్వే చేసి హద్దురాళ్లు నాటాలని లిఖితపూర్వకంగా కోరండి. ఆ హద్దు లోపల ఉన్నది శిఖం. అందులో కొంత పట్టా భూమి కూడా ఉండవచ్చు. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు పట్టాదారుకు ఉంటుంది గానీ, మొరం పోసి మెరక చేసే హక్కు గానీ, ఇల్లు కట్టే హక్కు గానీ ఉండదు. పట్టా కాగితం చూపించగానే చాలామంది వెనక్కి తగ్గుతారు, మీరు తగ్గకండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు హద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్ల వరకు నిర్మాణాలు ఉండకూడదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం కూడా చెరువుల ఆక్రమణను, వాటిలో వ్యర్థాలు వేయడాన్ని అడ్డుకోవడానికి అధికారం ఇస్తుంది.

రెండవది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని, అది ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలని ఆ చట్టం చెబుతుంది. మీ విద్యార్థులు చూసిన నీటికుక్కలు, మత్స్యకారులు చెప్పే తాబేళ్లు, చేపలు, ఏ నెలలో ఏ పక్షి గూడు కడుతుందన్న వివరం ఆ రిజిస్టర్‌లోకి ఎక్కించండి. అదే చట్టంలోని 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు 2016లో ఆ గుర్తింపు పొందింది. అది కూడా కుతుబ్‌షాహీల కాలంలో మనుషులు కట్టించిన చెరువే. కాబట్టి చెరువు కృత్రిమమైనదన్న అభ్యంతరం ఈ దారిలో నిలవదు.


జవాబు 3
పంపినవారు: ములుగు_మత్స్యసంఘం

మేము ముదిరాజ్ కుటుంబీకులం. ములుగు వైపు ఒక చెరువుపై ఆధారపడిన మత్స్య సహకార సంఘంలో నేను బాధ్యుడిగా ఉన్నాను. పంతులు గారు గ్రామసభకు వెళ్లే ముందు సంఘం వాళ్లతో కూర్చోవాలని నా వినతి. చెరువు మీద రోజూ ఉండేది వాళ్లే. వాళ్లు మీ వైపు లేకపోతే మీ మాట నిలవదు.

వాళ్లకు చెప్పవలసిన మొదటి సంగతి కొర్రమీను. మన రాష్ట్ర చేప అదే, అంగడిలో మంచి ధర పలికేదీ అదే. కొర్రమీను గడ్డి ఉన్న అంచు నీటిలోనే గుడ్లు పెడుతుంది, పిల్లలు గుంపుగా తిరిగినంత కాలం తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. అంచు తవ్వేస్తే సర్కారు ఇచ్చే బొచ్చ, రవ్వ పిల్లలు పెరగవచ్చు గానీ, ఎవరూ విత్తనం వేయకుండానే పుట్టే కొర్రమీను, మార్పు, జెల్ల తగ్గిపోతాయి. పక్షులకు కావలసిన చోటు, మాకు కావలసిన చోటు ఇక్కడ ఒకటే.

పక్షుల మిత్రుడి మాటలకు ఒక సవరణ మాత్రం చేర్చాలి. జమ్మును అలాగే వదిలేస్తే అది కొన్నేళ్లలో చెరువును ముంచెత్తుతుంది, వల వేయడానికి చోటు మిగలదు. మేము ఒక్కో ఏడాది ఒక్కో వైపు కొంత కోస్తాం, మిగిలినది వదిలేస్తాం. గూళ్లు ఉన్న నెలల్లో ముట్టుకోం. గుర్రపుడెక్కను మాత్రం ఎక్కడా ఉంచకూడదు. అది రెండు వారాల్లో రెట్టింపు కాగలదు కాబట్టి, పూత రాకముందే చేతులతో లాగి, నీరు తిరిగి చేరని ఎత్తుకు తీసుకుపోవాలి. కలుపు మందు కొట్టిస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. మందుకు చచ్చిన డెక్క అడుగుకు దిగి కుళ్లుతుంది, నీటిలో ఉన్న ప్రాణవాయువును అది తినేస్తుంది, తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. గడ్డిచేప పిల్లలు వదిలితే కలుపు పోతుందన్న సలహా కూడా వినబడుతుంది, కానీ ఆ చేప మెత్తని నీటి మొక్కలనే ముందుగా తింటుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి చెప్పనక్కరలేదు, దాని పెంపకంపై దేశంలో 2000 నుంచి నిషేధం ఉంది.

నీటికుక్కలు మా వలలు చింపడం నిజం, పట్టిన చేపను లాక్కుపోవడం నిజం. ఆ కోపంతో వాటిని చంపినవారు మా పెద్దల్లో ఉన్నారు. మా సంఘంలో ఇప్పుడు వాగు నోటి దగ్గర, అవి తిరిగే రాళ్ల దగ్గర రాత్రి వల వేయకూడదని మాట పెట్టుకున్నాం. వలకు నష్టం తగ్గింది, గొడవ తగ్గింది. చినిగిన ప్లాస్టిక్ దారపు వలలను నీటిలో వదలకుండా కట్టపైకి తెచ్చి ఒకచోట పోగు చేయాలి. పారేసిన వల ఏళ్లు గడిచినా చేపలను, బుడబుంగలను, తాబేళ్లను పడుతూనే ఉంటుంది. తాబేలైనా నీటికుక్కైనా గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి, వలలో చిక్కితే ఊపిరాడక చస్తాయి.

చివరగా ఒక కఠినమైన సంగతి. పొలానికి తెచ్చిన గుళికల మందును వడ్లలో కలిపి బాతుల కోసం చెరువు అంచున చల్లేవారు కొన్ని ఊళ్లలో ఇంకా ఉన్నారు. కార్బోఫ్యూరాన్ గుళిక ఒక్కటి చిన్న పిట్టను చంపడానికి చాలు. అలా చచ్చిన బాతును తిన్న గద్ద కూడా చస్తుంది. ఆ మాంసం మనుషులూ తింటున్నారు. ఇది మీ ఊళ్లో ఉంటే రింగ్ బండ్ కంటే ముందు దీన్ని ఆపండి.


బడిపంతులు_నర్సంపేట (తిరుగు జవాబు)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. సంఘం పెద్దలతో నిన్న మాట్లాడాను. కొర్రమీను సంగతి చెప్పగానే వాళ్లే ముందుకు వచ్చారు, కట్టపై మాత్రమే నడకదారి అన్న ప్రతిపాదనను వాళ్ల పేరుతోనే గ్రామసభలో పెడతామన్నారు. సర్పంచ్ గారు కూడా పూర్తిగా కాదనలేదు గానీ, పూడికతీత మాత్రం మే నెలలో జరిగి తీరాలని, నల్లమట్టి కోసం రైతులు ఎదురు చూస్తున్నారని అన్నారు. పూడిక తీయడం అవసరమేనని నేనూ అనుకుంటున్నాను. అయితే బురదలో ఉండే తాబేళ్ల పరిస్థితి ఏమిటి? అలాగే మురుగు కాలువలకు చిన్న ఊరు భరించగల పరిష్కారం ఏదైనా ఉందా?


జవాబు 4
పంపినవారు: మంథని_గోదారిఒడ్డు

తాబేళ్ల గురించి నేను రాస్తాను. మీరు చెప్పిన మెత్తని పెంకు తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. ప్రపంచవ్యాప్తంగా కూడా దాన్ని ప్రమాదపు అంచున ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు. చెరువు ఎండుతున్నప్పుడు అది వేరే చోటికి పోకుండా, అక్కడే బురదలో దిగి, వానలు పడే దాకా కదలకుండా ఉండిపోగలదు. పైకి చూస్తే పగుళ్లు వారిన మట్టి తప్ప ఏమీ కనిపించదు. మే నెలలో జేసీబీ దిగి ఆ మట్టిని ఎత్తి ట్రాక్టర్‌లో పోస్తే, లోపలి తాబేలు కూడా మట్టితో పాటే పోతుంది.

దీనికి దారి ఉంది. తవ్వకాన్ని కట్టకు దగ్గరగా ఉన్న లోతట్టు భాగానికే పరిమితం చేయమనండి, రైతులకు కావలసిన నల్లమట్టి ఎక్కువగా దొరికేదీ అక్కడే. అంచుల నుంచి కొంత మేర అసలు ముట్టుకోకూడదు. మొత్తం చెరువును ఒకే ఏడాది తవ్వకుండా సగం ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది చేస్తే, తవ్వని సగం నుంచి నత్తలు, మొక్కలు, తాబేళ్లు తిరిగి విస్తరిస్తాయి. నడిమధ్య ఒకటి రెండు మట్టి దిబ్బలను వాటిపై తుమ్మచెట్లతో సహా వదిలేయండి, కుక్కలు చేరలేని ఆ దిబ్బలపై కొంగలు నిశ్చింతగా గూళ్లు కడతాయి. యంత్రం నడిచే ముందు ప్రతి ఉదయం సంఘం సభ్యులు కర్రలతో బురదను మెల్లగా తడిమి చూడాలి. ఎక్కడ తాబేళ్లు ఉంటాయో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. దొరికినవాటిని ఆ చెరువులోనే నీరు మిగిలిన మడుగులో వదలాలి. ఈ పని మొదలుపెట్టే ముందు అటవీ రేంజ్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల సిబ్బందిని పిలవండి. మొదటి షెడ్యూలు జీవిని పట్టుకోవడం, దగ్గర ఉంచుకోవడం నేరం, మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మంచి ఉద్దేశంతో చేసేవారు చిక్కుల్లో పడకూడదు.

మా వైపు గోదావరిలో జరిగినది కూడా చెప్పాలి, ఎందుకంటే చెరువుకు వర్తించేదే నదికీ వర్తిస్తుంది. మంథని దగ్గరి శివారం అభయారణ్యం మొసళ్ల కోసం ఏర్పడింది. మొసళ్లు నీటి పక్కన ఇసుక ఒడ్డుల్లో గుంట తీసి గుడ్లు పెడతాయి. నది మీద తిరిగే రీవా పిట్టలు కూడా వేసవిలో ఇసుక తిన్నెల మీదే, గూడు అనేదే లేకుండా, ఉత్త ఇసుకలో గుడ్లు పెడతాయి. బ్యారేజీల వెనుక నీరు నిలిచిన చోట తిన్నెలు మునుగుతాయి, నీరు లేని చోట ఇసుక లారీలు తిరుగుతాయి. ద్వీపకల్పపు నదుల్లోనే ఉండే పెద్ద మెత్తపెంకు తాబేలు ఒకటి, లీత్ తాబేలు, అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేరింది. 2022లో పనామాలో జరిగిన సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో దాన్ని, వ్యాపారాన్ని పూర్తిగా కట్టడి చేసే ఆ ఒప్పందపు మొదటి అనుబంధంలోకి మార్చారు. ఆ ప్రతిపాదన తెచ్చింది మన దేశమే. సమావేశంలో కాగితం మారినా నదిలో తిన్నె మిగలాలి కదా అన్నదే మా ఆవేదన. మీ చెరువులో ఇంకా తిన్నె లాంటి అంచు మిగిలి ఉంది, అందుకే ఇంత పొడవుగా రాశాను.


జవాబు 5
పంపినవారు: మత్తడి_ఇంజినీరు

మురుగు గురించి. గుర్రపుడెక్కకు ఎరువు మన ఇళ్ల నుంచే పోతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తగ్గకుండా డెక్కను ఎన్నిసార్లు లాగినా మళ్లీ వస్తుంది. గుర్రపుడెక్క కమ్మిన వరంగల్ భద్రకాళి చెరువును పూడికతీత కోసం 2024 నవంబరులో ఖాళీ చేయవలసి వచ్చింది. మీ ఊరికి ఆ స్థితి రాకముందే పని తేలిక.

ముందుగా ఇంటింటికీ ఇంకుడు గుంత. వంటింటి నీరు, స్నానాల నీరు అక్కడే ఇంకితే కాలువలో ప్రవాహం చాలా తగ్గుతుంది. మరుగుదొడ్ల పైపులు కాలువలో కలిసి ఉంటే వాటిని తప్పనిసరిగా విడదీయాలి. మిగిలిన నీటిని చెరువు హద్దుకు బయట ఒక గుంటలో నిలిపి మడ్డి దిగనివ్వాలి, తర్వాత తుంగ, జమ్ము నాటిన లోతు లేని మడి గుండా మెల్లగా పారించాలి. వేళ్ల దగ్గర పెరిగే సూక్ష్మజీవులు కుళ్లును తింటాయి, మొక్కలు పోషకాలను పీల్చుకుంటాయి. ఏడాదికి ఒకసారి ఆ మొక్కలను కోసి బయటకు తీయకపోతే పీల్చుకున్నదంతా కుళ్లి మళ్లీ నీటిలోకే వస్తుంది, గుంటలోని మడ్డిని కూడా తీయాలి. ఈ రెండు పనులు ఎవరి బాధ్యతో గ్రామసభ తీర్మానంలోనే రాయించండి. గుంటకు, మడికి స్థలం శిఖంలో తీసుకోకండి. ఆక్రమణదారుల మీద మీరు పెట్టే అర్జీకి అదే అడ్డం వస్తుంది. ఎఫ్‌టీఎల్ సర్వే కోసం అర్జీని గ్రామసభకు ముందే తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.